తరువాతి ఇల్లు ఎవరిది

మూత 14వ రోజు

ఎండాకాలానికి పై తలుపులు మూసి నేటికి పద్నాలుగు రోజులు. గని నోటి దగ్గర మధ్యాహ్నం యాభై ఆరు డిగ్రీలు. లోపల ముప్పై. పంపు బాగానే తిరుగుతోంది. నీటి జల్లెడలు రెండూ కడిగాను. పంపును నడిపే కంప్యూటరు యంత్రం వెనక ఫ్యానులో రాతిపొడి పేరుకుంటే బ్రష్షుతో దులిపాను. నాపరాయి గనిలో కాపురం పెట్టాక పొడి ఎక్కడికి పోతుంది? అన్నంలో కూడా పంటికి తగులుతుంది.

ఈరోజు మూతలోనే ఒక పెళ్ళి జరిగింది. ఓబులేసు మామకు యాభై తొమ్మిది, ఈరమ్మకు యాభై నాలుగు. ఇద్దరికీ వెనకటి తోడు పోయి చాలా ఏళ్ళయింది. "ఇంగ నాలుగు నెలలు తలుపులు తెరవరు, ఒక్కన్నే గోడలతో మాట్లాడుకుంటా కూచోలేను" అని మామ అందరి ముందూ చెప్పి, తన సామాను ఆమె ఇంటికి మోసుకుపోయాడు. పాయసం పంచారు. నాకు రెండు గ్లాసులు దక్కాయి.

సాయంత్రం గని పెద్ద వెంకటశివుడన్న నేను పనిచేసే చలువ గదికి వచ్చాడు. "ఓబులేసు కొంప ఖాళీ కదా, వంతుల్లోంచి ఎత్తేయి లింగేశ్వరీ. ఖాళీ గోడలకు చలువ ఎందుకు?" అన్నాడు. న్యాయమే. లోతు బావిలోంచి వచ్చే చల్లనీళ్ళను అన్ని ఇళ్ళ గొట్టాల్లో ఒకేసారి తిప్పేంత బలం మా పంపుకు లేదు. ఒక ఇంటి వాల్వు మూసుకున్నాక తరువాతి ఇంటిది తెరుచుకుంటుంది. ఇంటికి రెండు నిమిషాలు. పై సొరంగం, నడిమి సొరంగం, కింది సొరంగం, మొత్తం రెండు వందల పన్నెండు ఇళ్ళు చుట్టి వచ్చేసరికి ఏడు గంటలు పడుతుంది.

ఈ వంతులు నడిపే ప్రోగ్రాం దస్తగిరి తాత రాసినది. సరళ భాషలో రాశాడు. సరళ అంటే పాత బేసిక్‌కు మనవరాలి లాంటిది, తెలుగు మాటలతో ఉంటుంది. మనం రాసింది ముందు సి భాషలోకి మారి, ఆ తరువాత యంత్రం భాషలోకి పోతుంది. కానీ తాత ప్రోగ్రాంలో కొన్ని వరసల ముందు ఆశ్చర్యార్థకం ఉంటుంది. అవి సరళ కావు, నేరుగా సి. అనువాదం చేసే ప్రోగ్రాం వాటిని ముట్టుకోకుండా ఉన్నవున్నట్టు పంపేస్తుంది. అలాంటివి నలభై దాకా ఉన్నాయి. నాకు సి రాదు. రెండేళ్ళ కింద చూపు పోయి తాత ఈ కుర్చీ దిగినప్పుడు, వాల్వులకు గ్రీజు పెట్టుకునే నన్ను పిలిచి ఇందులో కూర్చోబెట్టారు. ఆ వరసల గురించి ఆయన చెప్పింది ఒక్కటే మాట: "వాటి జోలికి పోవద్దమ్మీ."

పోలేదు. ఓబులేసు మామ ఇల్లు పై సొరంగంలో చిట్టచివరిది, నంబరు పదిహేడు. సరళలో ఒక్క వరస రాశాను.

తొలగించు ఇల్లు(17)

యంత్రం "సరే" అంది. ఇళ్ళు: 211 అని చూపించింది.


మూత 16వ రోజు

చెప్పుకోదగిందేమీ లేదు. పంపు బెల్టు మార్చాను. పాతది ఇంకో నెల వచ్చేదేమో.


మూత 19వ రోజు

ఈ మూతలో ముగ్గురు ఆడవాళ్ళకు నెలలు నిండుతున్నాయి. వాళ్ళ కోసం నడిమి సొరంగం దాటాక, కింది సొరంగం మొదట్లో ఉన్న పాత సామాన్ల గదిని కడిగి, సున్నం కొట్టి, ప్రసవం గది చేశారు. మధ్యాహ్నం దాన్ని వంతుల్లో చేర్చాను. నడిమి సొరంగం చివరి ఇంటి తరువాత, కింది సొరంగం మొదటి ఇంటికి ముందు. యంత్రం "సరే" అంది. ఇళ్ళు: 212. మళ్ళీ పాత అంకె వచ్చినందుకు ఎందుకో తృప్తిగా అనిపించింది.


మూత 22వ రోజు

నడిమి సొరంగం నుంచి ఇమాంబి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊరందరి బట్టలూ కుడుతుంది. భర్త కాశీం నలభై ఏళ్ళు పలకలు కోసి కోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇప్పుడు మంచం దిగడు.

"లింగేశ్వరీ, మా ఇంట్లో చలువ రాలేదమ్మా. రెండు దినాలుగా గోడ ఉడుకుగా ఉండాది."

"మీ ఇంటి గొట్టం జల్లెడ కడిగినావా అక్కా?"

"కడిగినా. నిన్న ఒకసారి, ఈ పొద్దు ఒకసారి."

తెర మీద చూశాను. రెండు వందల పన్నెండు ఇళ్ళు. తప్పు ఒక్కటీ లేదు. "అంతా సరిగ్గానే నడుస్తాంది అక్కా. బయట ఎండ ముదిరింది కదా, అందుకే అట్ల అనిపిస్తాంటుంది" అన్నాను. సరేనని వెళ్ళిపోయింది.


మూత 24వ రోజు

కింది సొరంగంలో నీటి గొట్టం బిగించడానికి వెళితే బుగ్గన్న తన ఇంటి ముందు చొక్కా తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. మూతకాలంలో చొక్కా తొడుక్కున్న మగవాణ్ణి చూడడం అరుదు. "ఈ యేడు చలువ భలే ఉండాది లింగక్కా, తెల్లారుజామున దుప్పటి కప్పుకుంటాండా" అన్నాడు. సంతోషం వేసింది. నా ఇల్లు కూడా కిందే. మా ఇంట్లోనూ హాయిగానే ఉంది.

తిరిగి వచ్చేసరికి చలువ గది బయట ఇమాంబి నిలబడి ఉంది. ఈసారి పక్కింటివాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళకూ ఉడుకే. గొట్టంలో గాలి పట్టిందేమో చూస్తానన్నాను. వెళ్ళి వాళ్ళ సొరంగం మొదట్లో గాలి మర వదులు చేసి బిగించాను. కాస్త సుయ్యిమంది. అదే అయ్యుంటుందని చెప్పాను.

"నువ్వు చెప్తే సరే" అంది ఇమాంబి. ఆమె ముఖం సరే అన్నట్టు లేదు.


మూత 26వ రోజు

నడిమి సొరంగం అంతా గొడవ. గోడలు ముప్పై ఎనిమిది. రాయి చలువను ఒకటి రెండు రోజులు పట్టి ఉంచుతుంది, ఆ తరువాత వేడిని కూడా అంతే మొండిగా పట్టుకుంటుంది. కింది సొరంగం వాళ్ళేమో "వాళ్ళు లోపల పొయ్యిలు ముట్టిస్తాండారు, అందుకే ఉడుకు" అంటున్నారు. ఇంకో మాట కూడా విన్నాను. మూతలో, పైగా ఆ వయసులో పెళ్ళి చేసుకుంటే గనికి మంచిది కాదనీ, అప్పటి నుంచే ఇదంతా మొదలైందనీ. ఈరమ్మ నిన్న నీళ్ళకు వస్తే ఎవరూ పక్కకు జరగలేదట.

శివుడన్న కూడా నలిగిపోతున్నాడు. "నడిమి సొరంగానికి ఇంటికి అర నిమిషం పెంచు. ఎవరేమన్నా నేను చూసుకుంటా" అన్నాడు. పెంచాను. "సరే" అంది యంత్రం.


మూత 27వ రోజు

కాశీం పడిపోయాడు.

పొద్దున పది గంటలకు ఇమాంబి అతన్ని లేపబోతే ఒళ్ళు కాలిపోతోందట, చెమట చుక్క లేదట. మాట పలకలేదు. నలుగురు మోసుకొచ్చి వైద్యం గదిలో తడి గుడ్డల్లో పడుకోబెట్టారు. నేను వెళ్ళేసరికి ఇమాంబి అతని పాదాలకు నీళ్ళు అద్దుతోంది. నన్ను చూసి కూడా చూడనట్టే తన పని చేసుకుంటోంది.

చలువ గదికి పరుగెత్తాను. అంతకుముందు ఎన్నడూ అడగనిది అడిగాను.

చూపించు సొరంగం(2)

యంత్రం "సరే" అంది. దాని కింద ఏమీ రాలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ సరే. మళ్ళీ ఖాళీ.

యాభై నాలుగు ఇళ్ళు. నూట తొంభై మంది మనుషులు. వాళ్ళలో ఒక్కరు కూడా వంతుల్లో లేరు. 212 అన్న అంకె మాత్రం తెర మూల అలాగే ఉంది. దాన్ని ప్రోగ్రాం విడిగా ఎక్కడో పెట్టుకుని, తీసినప్పుడు ఒకటి తగ్గిస్తుంది, చేర్చినప్పుడు ఒకటి పెంచుతుంది, అంతే. నేను రోజూ ఆ అంకెనే చూసి తృప్తిపడ్డాను. లేనివాళ్ళకు అర నిమిషం పెంచమన్నా యంత్రం సరే అనే అంటుంది.


మూత 27, మధ్యాహ్నం

దస్తగిరి తాత పై సొరంగంలో ఉంటాడు. తడుముకుంటూ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నా అడుగు చప్పుడుకే "ఏమ్మీ, ఎందుకట్ల ఉరికొస్తాండావు?" అన్నాడు. చెప్పాను.

"ఏం రాసినావో ఉన్నదున్నట్టు చెప్పు."

"తొలగించు ఇల్లు పదిహేడు."

"అంతేనా?"

"అంతే తాతా."

ఆయన ఒలుస్తున్న కాయను పక్కన పెట్టాడు. వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇల్లంటే ఒక అంకె అనుకుంటివి నువ్వు. నేను దాన్ని సి లో పెట్టె మాదిరి కట్టినా. స్ట్రక్ట్ అంటారు. ఇంటికొక పెట్టె. పెట్టెలో ఐదు అరలు. ఇంటి నంబరు, సొరంగం, ఎందరు మనుషులు, ఎన్ని నిమిషాలు. కడాకు ఒక అర ఉంటాది చూడు, దాంట్లో తరువాతి పెట్టె యాడుందో ఆ చిరునామా. అంతే. పట్టిక లేదు, జాబితా లేదు. తరువాతి ఇల్లు ఎవరిదో దాని ముందరి ఇంటికి తప్ప ఇంగెవరికీ తెలీదు. యంత్రానికి కూడా తెలీదు."

"మరి నేను ఒకటి తీసేస్తే?"

"తీసే ముందు దాని చేతిలో ఉన్న చిరునామాను ముందరి ఇంటి చేతికి ఇయ్యాల. ఆ మీదట తీయాల. నువ్వు ఊరికే తీసేస్తివి."

"కానీ ఐదు రోజులు బాగానే నడిచింది కదా!"

"నడుస్తాది. తీసేసినంత మాత్రాన పెట్టె చెరిగిపోదమ్మీ. ఖాళీ అని పేరు పడతాది, లోపల రాసింది అట్లనే ఉంటాది. ఆ ఐదు దినాలూ ఓబులేసు ఇంటికి కూడా చలువ పోయింటాది, పోయి గోడ ముట్టుకుని చూసింటే తెలిసేది. పంతొమ్మిదో దినం ప్రసవం గది చేర్చినావు. యంత్రం ఖాళీ పెట్టె కోసం చూసింది. ఓబులేసుది దొరికింది. దాంట్లో పాతది చెరిపి కొత్తది రాసింది. ప్రసవం గది తరువాత ఎవరు?"

"కింది సొరంగం మొదటి ఇల్లు."

"అంతే. ఓబులేసు ముందరి ఇంటి చేతిలో ఇంగా ఆ పెట్టె చిరునామానే ఉండాది, అందుకని వంతు పై సొరంగం నుంచి తిన్నగా కింద పడింది. నడిమి సొరంగం పెట్టెలు యంత్రంలోనే యాడనో ఉండాయి. వాటి చిరునామా మాత్రం ఎవరి దగ్గరా లేదు, వాళ్ళ వంతు చలువ కూడా కిందోళ్ళకే పోతాంది."

నకళ్ళు గుర్తొచ్చాయి. యంత్రం రోజూ పొద్దున వంతులన్నిటినీ ఒకసారి రాసి పెట్టుకుంటుంది, ఏడు రోజులవి ఉంటాయి. ఎనిమిదోది రాగానే మొదటిది పోతుంది. లెక్కపెట్టాను. ఇప్పుడు ఉన్న వాటిలో పాతది మూత 21. పంతొమ్మిది పొద్దుటిది ఉంటే ఐదు నిమిషాల పని. అది మొన్నటి దాకా ఉండింది.

ఇమాంబి మొదటిసారి వచ్చింది ఇరవై రెండున. రెండోసారి ఇరవై నాలుగున. రెండుసార్లూ ఆ నకలు నా ముందున్న యంత్రంలోనే ఉంది. ఇది నేను రాయకపోతే ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేను ఏడుస్తుంటే తాత అడ్డుకోలేదు. తరువాత అన్నాడు: "నీ ఒక్కదాని తప్పు కాదులే. అప్పట్లో దినానికొక కుటుంబం దిగుతాండె. మధ్యలో యాడంటే ఆడ చేర్చల్లంటే ఇట్ల గొలుసు కడితేనే సులువు. సులువని కట్టినా. దాన్ని ఎట్ల తీయాల్నో పక్కన ఒక్క వరస రాసి పెట్టలే. వాటి జోలికి పోవద్దని మాత్రం చెప్పినా. నాకు తెలుసుకదా, ఇంగొకరికి ఎందుకులే అనుకుంటి."


మూత 27, సాయంత్రం

శివుడన్నకు చెప్పాను. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"పంపులో ఏదో విరిగిందని చెబుదాం" అన్నాడు. "నీ మీదికి రారు. పని అయ్యేదాకా జనం కొంచెం నిమ్మళంగా ఉంటారు."

ఒక్క క్షణం ఆశపడ్డాను. పడలేదని రాస్తే అబద్ధమే. కానీ అప్పటికే జనం ఈరమ్మకు నీళ్ళ దగ్గర దారి ఇవ్వడం లేదు. పంపు అంటే, పంపు ఎందుకు విరిగిందంటారు, మళ్ళీ ఆమె గుమ్మం ముందే నిలబడతారు.

"నేను చెప్తా అన్నా" అన్నాను.

మూడు సొరంగాలు కలిసే చోట, పాత బండరాయి ఎక్కి చెప్పాను. ఏం రాశానో, ఏం చూడలేదో, ఇమాంబి రెండుసార్లు వచ్చి చెబితే ఏమని పంపేశానో అంతా చెప్పాను. వెనక నుంచి ఎవరో పచ్చి బూతు తిట్టారు. ఎవరూ వాళ్ళను వారించలేదు.

జనంలోంచి ఈరమ్మ గొంతు వినిపించింది. "అయితే మా పెళ్ళి వల్ల కాదు కదమ్మా?"

"కాదు పిన్నమ్మా. నా వల్ల."

ఆమె అక్కడే రాతి మీద కూర్చుంది. ఓబులేసు మామ ఆమె వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

అప్పుడు బుగ్గన్న ముందుకొచ్చాడు. చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. "మా ఇంట్లో ఐదుగురు పడతారు. ఎవరొస్తారో రాండి" అన్నాడు. నా ముఖం చూడలేదు. "వారం దినాలుగా వాళ్ళ చలువ మేం కప్పుకుంటిమి" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఇంకొకరు, ఆ తరువాత ఇంకొకరు. రెండు గంటల్లో నడిమి సొరంగం ఖాళీ అయింది. ముసలివాళ్ళను మంచాలతో సహా మోసుకుపోయారు.


మూత 28వ రోజు

జనానికి నీడ దొరికింది, కానీ ఇలా ఇరుక్కుని ఎన్ని రోజులు? ఒక్కో గదిలో పన్నెండు మంది. గోడలు అప్పుడే వేడెక్కుతున్నాయి. మూత తీయడానికి ఇంకా మూడున్నర నెలలుంది.

యాభై నాలుగు కొత్త పెట్టెలు కట్టాలి. ఇంటి నంబర్లు, మనుషుల సంఖ్య బియ్యం పంచే చిట్టాలో ఉన్నాయి. వరస మాత్రం ఎక్కడా లేదు. ఇంటి నంబర్లు కుటుంబాలు గనిలోకి దిగిన క్రమంలో పడ్డాయి. వంతేమో గొట్టం పోయే దారిని బట్టి వెళ్ళాలి. గొట్టాలేమో గోడల లోపల, చీలికల వెంబడి వంకరటింకరగా పోతాయి. దారి తప్పి దూరపు వాల్వు ముందు తెరిస్తే నీళ్ళు ఎదురుతన్ని గొట్టం పగులుతుంది. అప్పుడు మొత్తం గనికే చలువ ఉండదు.

తాతకూ గుర్తు లేదు. "పదకొండేళ్ళయింది అమ్మీ. ఆ పెట్టెలకు తెలుసు గదా అని నేను గుర్తు పెట్టుకోలే" అన్నాడు.

గొట్టాల పటం కోసం పొద్దంతా వెతికాను. చెదలు తిన్న సగం కాగితం దొరికింది. పై సొరంగానిది.


మూత 29వ రోజు

దారి చూపింది నడిమి సొరంగంలో ఉండిన ఒక ముసలాయన. పటం గురించి అడగడానికి వెళితే, "పటం ఎందుకమ్మా, మా ఇంట్లో వాల్వు మూసుకుంటానే గోడ అవతల యాకోబు వాళ్ళింట్లో టక్కుమంటాది. పదేండ్లుగా వింటాండా" అన్నాడు.

ఆ ఇళ్ళవాళ్ళకు వరస తెలుసు. ఎవరికి వాళ్ళకు, ఒక్క ఇల్లు చొప్పున.

పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. వాళ్ళు ఎవరిళ్ళలో సర్దుకున్నారో అక్కడికల్లా వెళ్ళాను. ఒకటే ప్రశ్న. మీ తరువాత ఎవరింట్లో చప్పుడవుతుంది? కొందరు వెంటనే చెప్పారు. కొందరు కళ్ళు మూసుకుని ఆలోచించి చెప్పారు. ఒకావిడ తలుపు తీసి, నేనని చూసి మూసేసింది. మళ్ళీ తీసి, "నలభై మూడో నంబరు" అని చెప్పి మూసేసింది. మధ్యాహ్నానికి నలభై మూడు ఇళ్ళ వరస తేలింది. మిగిలిన పదకొండు ఇళ్ళవాళ్ళు పగలంతా గని లోపలి పలకల షెడ్డులో పనిచేస్తారు, రాత్రి అలసి పడుకుంటారు. వాళ్ళెవరికీ తెలియదు. ఆ పదకొండూ ఇమాంబి ఇంటి చుట్టుపక్కలవే.

వైద్యం గదికి వెళ్ళాను. కాశీం కళ్ళు తెరిచే ఉన్నాడు. ప్రాణానికి భయం లేదని వైద్యురాలు చెప్పింది. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది. నీళ్ళు కావాలంటే నిప్పు అంటాడు, భార్యను వాళ్ళ అక్క పేరుతో పిలుస్తాడు.

తల వంచుకుని అడిగాను. ఇమాంబి గిన్నె చేతికి తీసుకుంది. కాశీం నోటికి చెంచాతో గంజి పోస్తూనే చెప్పసాగింది.

"మా తరువాత నూట ఆరు. ఆ యమ్మ వాల్వుకు తుప్పు, రెండుసార్లు కొట్టుకుంటాది. ఆ తరువాత ఇరవై తొమ్మిది, మెత్తగా పడతాది. తరువాత ఎదురు వరస, డెబ్బై, డెబ్బై నాలుగు..."

పదకొండూ చెప్పింది, ఎక్కడా ఆగలేదు. పగలంతా మిషను ముందు కూర్చునే మనిషి. కుట్టు ఆపినప్పుడల్లా వినేదట.

"రాసుకున్నావా?"

"రాసుకున్నా అక్కా."

"మళ్ళీ చదువు."

చదివాను. ఒకచోట డెబ్బై నాలుగుకు బదులు నలభై ఏడు అన్నాను. సరిచేసింది.


మూత 30వ రోజు

దస్తగిరి తాతను చెయ్యి పట్టుకుని చలువ గదికి తీసుకొచ్చాను. రెండేళ్ళ తరువాత ఆయన మళ్ళీ ఈ కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఆయన చెబుతాడు, నేను కొడతాను, కొట్టింది ఒక్కో అక్షరం పైకి చదువుతాను. "ఆశ్చర్యార్థకం. ఇల్లు. నక్షత్రం గుర్తు. కొత్తది." "నక్షత్రం ఎందుకు తాతా?" "అది పెట్టె కాదు, పెట్టె చిరునామా అని చెప్పేదానికి. నక్షత్రం మరిస్తే పెట్టెనే ఎత్తుకొస్తాది." "అడ్డగీత, దాని పక్కన బాణం మొన." "ఆ చిరునామాకు పోయి, ఆ పెట్టెలో అర తెరవమని." పదకొండు వరసలు. నేను ముట్టుకోవడానికి భయపడినవి ఇవేనా అనిపించింది.

ప్రతి వరస పక్కనా అది ఎందుకుందో తెలుగులో రాశాను. తీసివేయడానికి కొత్త పద్ధతి రాశాం. మొదట ముందరి ఇంటికి చిరునామా ఇస్తుంది, తరువాతే పెట్టె ఖాళీ చేస్తుంది. తెర మీది అంకె కూడా ఇక విడిగా ఉండదు. ప్రతిసారీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నడిచి లెక్కపెట్టి చూపిస్తుంది.

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నడిమి సొరంగం మొదటి వాల్వు తెరిచాం. ఇద్దరిద్దరు చొప్పున గొట్టం పొడవునా చెవులు గోడకు ఆనించి నిలబడ్డారు. నూట ఎనిమిది నిమిషాలు. గొట్టం ఎక్కడా ఎదురుతన్నలేదు. యాభై నాలుగో ఇల్లు దాటి వంతు ప్రసవం గదికి వెళ్ళినప్పుడు శివుడన్న గోడ మీంచి చెవి తీసి అందరికీ చెయ్యి ఊపాడు.

ఇళ్ళు: 212. ఈసారి అది నిజం.


మూత 34వ రోజు

నడిమి సొరంగం గోడలు ముప్పై ఒకటికి దిగాయి. అందరూ ఇళ్ళకు చేరారు.

సభ జరిగింది. కుర్చీ దిగిపోతానన్నాను. దిగితే ఇంకెవరు ఎక్కుతారని ఎవరో అడిగారు. చివరికి తీర్మానం చేశారు. ఇక మీద ఈ గదిలో ఏ మార్పు చేసినా ఇద్దరు చూడాలి. రెండో మనిషి నేర్చుకోవాలి. ఎవరొస్తారని శివుడన్న మూడుసార్లు అడిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. వాళ్ళను తప్పు పట్టను.


మూత 41వ రోజు

పొద్దున జల్లెడలు కడుగుతుంటే గుమ్మంలో నీడ పడింది. ఇమాంబి. ఎడమ చేతిలో ఒక పీట, చంకలో కొలతల పుస్తకం.

"కాశీంకు ఎట్లుంది అక్కా?"

"మంచం దిగి నాలుగడుగులు వేస్తాండాడు. మాటలు ఇంకా దారికి రాలే." పీట వేసుకుని యంత్రం ముందు కూర్చుంది. "నాకు నేర్పు."

"అక్కా, నన్ను..." అని మొదలుపెట్టాను.

"క్షమించినానని రాలే. ఆ మాట అడగొద్దు. నువ్వు సరే అంటే నమ్మి రెండుసార్లు ఇంటికి పోతి. ఇంగ నమ్మలేను, అందుకని వచ్చినా. నా ఇల్లు యాడుందో నేనే చూసుకుంటా. ఎవరొచ్చి ఉడుకని చెప్పినా, నేను పోయి గోడ ముట్టుకుని వస్తా. ఆ తరువాతే నువ్వు తెర చూడు."

"సరే అక్కా."

"ఆ మాట కూడా తగ్గించు."

సాయంత్రానికి పెట్టె అంటే ఏమిటో, చిరునామా అంటే ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. నాకు రెండేళ్ళు పట్టింది. ఆమె కొలతల పుస్తకం కూడా అలాంటిదేనట. ఒక్కో మనిషికి ఒక్కో పుట, భుజం, ఛాతీ, నడుము ఏ గడిలో ఉండాలో ఆ గడిలోనే. గడి మారితే చొక్కా పాడవుతుందని చెప్పింది.


మూత 53వ రోజు
రాసినది: ఇమాంబి, నడిమి సొరంగం

ఈరోజు పుస్తకం నన్ను రాయమంది లింగేశ్వరి. నాకు బట్టల కొలతలు రాయడమే అలవాటు. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పొద్దున మూడు సొరంగాలూ తిరిగి గోడలు చేత్తో చూశాను. కింద రెండు ఇళ్ళలో కాస్త ఉడుకు. జల్లెడలు మూసుకుపోయి ఉన్నాయి. కడగమంటే ఊరికే సరే అంటారని, నిలబడి కడిగించాను.

ఓబులేసు పాత ఇంట్లోకి కొత్తగా వేరు కాపురం పెట్టిన ఒక జంట దిగింది. వాళ్ళ పెట్టెను నేనే చేర్చాను. మొదట ముందరి ఇంటి చేతిలోని చిరునామా చూసి రాసుకున్నాను, తరువాత చేర్చాను, తరువాత మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూశాను. దస్తగిరి భాయి పక్కన కూర్చుని అంతా విన్నారు. ఇళ్ళు: 213. ఆ తరువాత పోయి వాళ్ళింట్లో రెండు నిమిషాలు నిలబడి వచ్చాను. చల్లగానే ఉంది.

లింగేశ్వరి టీ పెట్టింది. చక్కెర ఎక్కువైందని చెప్పాను. రేపటి నుంచి తగ్గిస్తుందట.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతే, కాశీం గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు. "ఇమాంబీ" అన్నాడు. మా అక్క పేరు కాదు, నా పేరే. ఇది పనిపుస్తకంలో రాసే సంగతేనా అని లింగేశ్వరిని అడిగాను. ఆమె ముఖం అటు తిప్పుకుని, రాయమంది.